కారు రేడియో మార్పిడి – పవర్ యాంటెన్నా తీగల కలయిక

మన కళాశాలలో చదివి గల్ఫు దేశాలకు వెళ్ళే యువకులలో కొందరు డ్రైవర్లుగాను, మరికొందరు మోటారు వాహనాల విద్యుత్ పనివారుగాను స్థిరపడుతున్నారు. అట్టివారిలో ఒకడు, నా పూర్వ విద్యార్థి, సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడవచ్చాడు. కుశల ప్రశ్నలైన తరువాత సంచిలో నుండి కాలిపోయిన కారు స్టీరియో సెట్టు ఒకటి తీసి నా బల్లపై ఉంచి, "సార్, ఇది నా రెండు నెలల జీతం" అన్నాడు. వెల కట్టినవాడు తానే గనుక సెట్టు కూడా తనదే అయిందని చెప్పి నవ్వాడు గాని, ఆ నవ్వులో ఉత్సాహం లేదు.

జరిగినది ఇది. కొలువులో చేరిన రెండవ దినమున అతని చేతికి 1990ల నాటి టయోటా కారు ఒకటి వచ్చింది. కంపెనీవారు బిగించిన పాత రేడియోను తొలగించి, యజమాని కొని తెచ్చిన కొత్త సెట్టును అమర్చి, వెనుక మడ్‌గార్డు పక్కన ఉన్న పవర్ యాంటెన్నాకు కలపవలె. పక్క కారు వద్ద పని చేస్తున్న పాతకాపు తల ఎత్తకుండానే "పీలేకు పీలా, కాలేకు కాలా లగా దే, హో గయా" అన్నాడు. మనవాడు అట్లే పసుపును పసుపుతో, నలుపును నలుపుతో, బూడిద రంగును బూడిద రంగుతో కలిపి, కీ తిప్పాడు. సెట్టు వెలగలేదు, పొగ మాత్రం వచ్చింది. "ఈ విషయం తెలుగులో ఎక్కడైనా నాలుగు పుటలు రాసి ఉంటే నా జీతం నాకు మిగిలేది సార్" అని అతడు అన్న మాట, తెలుగు బోధించి జీతం తీసుకునే నన్ను కొంత బాధించింది. అతని వద్ద వివరాలు అడిగి, పిమ్మట మన ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణంలో కొన్ని సాయంకాలాలు కూర్చొని, భౌతికశాస్త్ర శాఖ మిత్రులను విసిగించి తెలుసుకొన్నదానిని ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ పొగ ఎందుకు వచ్చిందో చూద్దాము. కారులో రేడియో వెనుకకు వచ్చే తీగలు చేసే పనులు కొన్నే. ఒక తీగ కీ తీసివేసినా బాటరీ నుండి ఎల్లప్పుడూ 12 వోల్టులు అందిస్తుంది. గడియారము, స్టేషన్ల జ్ఞాపకము దీని వలననే నిలుస్తాయి. మన పనివారు దీనిని డైరెక్ట్ సప్లై అంటారు. రెండవది కీని మొదటి మెట్టుకు తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు ఇచ్చే కీ సప్లై. మూడవది ఎర్త్, అనగా కారు ఇనుప శరీరము. నాల్గవది దీపాలు వేసినప్పుడు సెట్టు ముఖాన్ని వెలిగించేది. ఇవి గాక నాలుగు స్పీకర్లకు రెండేసి చొప్పున ఎనిమిది తీగలు, యాంటెన్నాకు ఆజ్ఞ పంపే తీగ ఒకటి. ఇంతే వ్యవహారము.

బజారులో విడిగా అమ్మే సెట్లు చాలా వరకు ఒకే రంగుల ఆచారాన్ని పాటిస్తాయి. పసుపు డైరెక్ట్ సప్లై, ఎరుపు కీ సప్లై, నలుపు ఎర్త్, నారింజ దీపము, నీలము యాంటెన్నా. తెలుపు ఎడమ ముందు స్పీకరు, బూడిద కుడి ముందు, ఆకుపచ్చ ఎడమ వెనుక, ఊదా కుడి వెనుక. అదే రంగు మీద నల్ల గీత ఉంటే అది ఆ స్పీకరు ఋణ ధ్రువము. ఇక ఆ తరపు టయోటా కార్లలో అనేకములందు కంపెనీవారు వాడిన రంగులను దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ డైరెక్ట్ సప్లై నీలము మీద పసుపు గీత. కీ సప్లై బూడిద రంగు. ఎర్త్ గోధుమ రంగు. దీపము ఆకుపచ్చ. యాంటెన్నా నలుపు మీద ఎరుపు గీత. పసుపు తీగ ఉన్నది గాని అది ఎడమ వెనుక స్పీకరు ఋణ ధ్రువము. నల్ల తీగ అదే స్పీకరు ధన ధ్రువము. ఎర్ర తీగ కుడి వెనుక స్పీకరుది.

ఇప్పుడు మనవాడు చేసిన పనిని గమనించండి. సెట్టుకు ప్రాణమిచ్చే పసుపు, నలుపు, ఎరుపు తీగలు మూడూ స్పీకర్లకు పోయాయి. సెట్టు నుండి కుడి ముందు స్పీకరుకు పోవలసిన బూడిద తీగ, కారులోని బూడిద తీగతో, అనగా కీ సప్లైతో కలిసింది. యాంటెన్నా కేబులు తొడుగు ద్వారాను, ఇనుప బిగింపు ద్వారాను సెట్టుకు ఎర్త్ ఎలాగూ ఉన్నది. కీ తిప్పిన క్షణములో 12 వోల్టులు బయటకు రావలసిన దారిలో లోపలికి ప్రవేశించి ఆంప్లిఫయరు ఐసీని కాల్చివేశాయి. అది కాలకుండా ఉన్నా, సాయంకాలము దీపాలు వేసినప్పుడు ఆకుపచ్చ తీగ ఆ పని పూర్తి చేసి ఉండేది.

ఇది భాషలో మనకు తెలియని విషయము కాదు. మన హైదరాబాదు దక్కనీలో 'ఖబర్' అంటే వార్త. సమాధికి చెప్పే 'కబర్'ను కూడా నోటి అలవాటు చేత 'ఖబర్' అనే పలుకుతాము. ఉర్దూ లిపిలో అక్షరాలు వేరు, చెవికి మాత్రము ఒకటే. ఎవరి ఇంటి నుండి ఏ సందర్భములో వచ్చిన మాటో తెలిస్తే తప్ప అర్థము తేలదు. తీగ రంగు కూడా అట్టిదే. అది ఏ ఇంటిదో, అనగా కారుదో సెట్టుదో తెలియకుండా దానికి అర్థము లేదు.

అయితే ఆ పాతకాపు చెప్పినది పూర్తిగా అబద్ధమా అంటే కాదు. ఆయా కార్ల కప్లరులో సరిగా కూర్చొనే అడాప్టరు బజారులో దొరుకుతుంది. దాని ఒక కొస కారు కప్లరులోకి పోతుంది. రెండవ కొసన ఉన్న తీగలు సెట్ల ఆచారము ప్రకారమే రంగులు వేసుకొని ఉంటాయి. అడాప్టరు వాడినప్పుడు పసుపుకు పసుపే సరి. బహుశా పాతకాపు ఏళ్ళ తరబడి అడాప్టర్లతోనే పని చేసి ఉంటాడు. అతని సూత్రము అతని బల్ల మీద నిజము, మనవాని బల్ల మీద కాదు. కొన్ని రూపాయలకు వెనుకాడి కంపెనీ కప్లరును కత్తిరించేవారిని చూస్తే నాకు కోపము వస్తుంది. ఒకసారి కత్తిరించిన కప్లరు తిరిగి రాదు. తరువాత ఆ కారును విప్పేవాడు మీరు చేసిన చిక్కుముడిని చూసి మిమ్ములను తలచుకొంటాడు, మంచి మాటలతో కాదు.

అడాప్టరు దొరకనప్పుడు ఏమి చేయవలె? కొలవవలె. సెట్టును డాష్‌బోర్డు నుండి తీసేటప్పుడు, తీగలు అతికేటప్పుడు బాటరీ ఋణ ధ్రువాన్ని విప్పి ఉంచాలి. అంతకు ముందు ఒక జాగ్రత్త: కొన్ని కార్ల రేడియోలకు దొంగల భయము చేత రహస్య అంకె ఉంటుంది. పాత సెట్టును తిరిగి వాడే ఉద్దేశముంటే ఆ అంకెను యజమాని వద్ద రాసుకొన్న పిమ్మటనే బాటరీ విప్పండి. కొలిచే వేళ మాత్రము బాటరీ తిరిగి కలిపి, తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా ఉంచి, మల్టీమీటరు నల్ల ముల్లును ఇనుప శరీరానికి ఆనించి, ఎర్ర ముల్లుతో ఒక్కొక్క తీగను తాకి చూడండి. కీ తీసి ఉండగా 12 వోల్టులు చూపేది డైరెక్ట్ సప్లై. కీ మొదటి మెట్టుకు తిప్పగా కొత్తగా లేచినది కీ సప్లై. దీపాలు వేయగా లేచినది దీపపు తీగ. మళ్ళీ బాటరీ విప్పి, మీటరును ఓముల మీద పెట్టి, శరీరానికి దాదాపు సున్న నిరోధము చూపే తీగను ఎర్త్‌గా గుర్తించండి.

స్పీకరు జతలకు గడియారములో వేసే 1.5 వోల్టుల సెల్లు చాలును. జత కొసలకు క్షణకాలము తాకిస్తే ఆ స్పీకరు 'టక్' మంటుంది. కాగితపు గరాటు ముందుకు కదిలితే సెల్లు ధన ధ్రువము తాకిన తీగయే స్పీకరు ధన తీగ. వెనుకకు పోతే తారుమారు. ఒక స్పీకరు తారుమారైతే కారు పాడైపోదు గాని, మంద్ర స్వరాలు సన్నగిల్లి పాట తేలిపోతుంది. కాగితము మీద ప్రతి తీగ రంగు, పని రాసుకొని గాని ముందుకు పోకూడదు. మా దుకాణదారు సిగరెట్టు పెట్టె అట్ట మీద రాస్తాడు; అదే అతని గ్రంథాలయము.

స్పీకర్ల విషయములో పాత పనివారు కూడా చేసే పొరపాటు ఒకటున్నది. పూర్వపు కార్లలో కొన్నింట స్పీకర్ల ఋణ తీగలన్నిటిని ఒకటిగా చేర్చి ఎర్త్ చేసేవారు. నేటి సెట్లలో ఆంప్లిఫయరు స్పీకరు రెండు కొసలనూ తానే నడుపుతుంది. రెండు కొసల వద్దను బాటరీ వోల్టేజిలో సుమారు సగము, అనగా 6 వోల్టుల ప్రాంతము నిలిచి ఉంటుంది. ఆ ఋణ కొసను శరీరానికి తాకిస్తే సెట్టు దెబ్బ తింటుంది. 'ఋణము' అన్న పేరు చూసి ఎర్త్ అనుకోరాదు. అట్టి పాత కారు తటస్థపడితే స్పీకర్లకు కొత్త తీగలు లాగడము తప్ప వేరు మార్గము వెదకవద్దు.

ఇక పవర్ యాంటెన్నా. ఎఫ్.ఎం. ప్రసారాలు 100 మెగాహెర్ట్జుల ప్రాంతములో ఉంటాయి. కాంతి వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గనుక అట్టి తరంగము పొడవు 3 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అనగా 75 సెంటీమీటర్లు ఉన్న కడ్డీ ఆ తరంగాన్ని చక్కగా అందుకొంటుంది. పూర్తిగా లేచిన యాంటెన్నా ఇంచుమించు ఆ పొడవున ఉండటానికి కారణము ఇదే. సగము లేచి ఆగిపోయిన యాంటెన్నాతో స్టేషన్లు గురగురలాడితే కొత్త సెట్టును నిందించి లాభము లేదు.

విద్యార్థులను నేను ఒక ప్రశ్న అడుగుతాను. రేడియో వేయగానే యాంటెన్నా లేస్తుంది, ఆపగానే దిగుతుంది. లేచేటప్పుడు రేడియో విద్యుత్తు ఇచ్చిందనుకొందాము. దిగటానికి కూడా మోటారు తిరగవలె గదా. రేడియో అప్పటికే ఆగిపోయింది. మరి విద్యుత్తు ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిస్తే యాంటెన్నా తీగల కలయిక అంతా తెలిసినట్లే. మోటారును నడిపే విద్యుత్తు రేడియో నుండి రాదు. అది బాటరీ నుండి ఫ్యూజు ద్వారా తిన్నగా మోటారుకు ఎల్లవేళలా సిద్ధముగా ఉంటుంది. రేడియో నుండి వచ్చే సన్నని తీగ ఆజ్ఞ మాత్రమే మోస్తుంది. ఆ తీగ మీద 12 వోల్టులు ఉన్నంతసేపు 'లెమ్ము' అని అర్థము. అవి పోయిన క్షణము 'దిగు' అని అర్థము. యాంటెన్నా పెట్టెలోని రిలే ఆ ఆజ్ఞను విని మోటారును ఈ వైపుకో ఆ వైపుకో తిప్పుతుంది. అందుకే సామాన్యముగా పవర్ యాంటెన్నాకు మూడు తీగలు: డైరెక్ట్ సప్లై, ఎర్త్, ఆజ్ఞ. రేడియో తరంగాలను తెచ్చే లావు కేబులు వీటికి వేరు.

ఈ భేదము మరచినవారు చేసే తప్పు ఏమనగా, సెట్టు నీలపు తీగతో మోటారునే నడపబోవుట. పయొనీర్ సెట్ల సూచనా పత్రములో ఈ తరహా తీగ నుండి 300 మిల్లీ ఆంపియర్లకు మించి తీయరాదని ఉంటుంది. యాంటెన్నా మోటారు కొన్ని ఆంపియర్లు లాగుతుంది. కడ్డీ ఎక్కడైనా ఇరుక్కొంటే ఇంకా ఎక్కువ. జవానుకు ఉత్తరము ఇచ్చి పంపవచ్చును గాని అతని నెత్తి మీద బీరువా పెట్టరాదు.

నీలపు తీగలలోను రెండు రకాలున్నవి. కొన్ని సెట్లలో పూర్తి నీలము యాంటెన్నాకు, నీలము మీద తెల్ల గీత బయటి ఆంప్లిఫయరుకు. మొదటిదానిలో అనేక సెట్లు రేడియో పాడుతున్నప్పుడే 12 వోల్టులు ఇస్తాయి. కాసెట్టు గాని సీడీ గాని వేస్తే యాంటెన్నా దిగిపోతుంది, అది మర్యాదయే. రెండవది సెట్టు వెలిగి ఉన్నంతసేపు ఇస్తుంది. ఆంప్లిఫయరును పూర్తి నీలానికి కలిపితే రేడియో వేస్తే పాట, సీడీ వేస్తే నిశ్శబ్దము. యజమాని సెట్టు చెడిపోయిందని తిరిగి తెస్తాడు. తెల్ల గీత తీగ ఒక్కటే ఉన్న సెట్లలో యాంటెన్నాను దానికే కలపవలసి వస్తుంది. సీడీ పాడుతున్నా కడ్డీ నిలిచే ఉంటుంది, అంతకు మించిన హాని లేదు.

ఒకే నీలపు తీగ ఆంప్లిఫయరును, యాంటెన్నాను రెండిటిని మేల్కొలపవలసి వచ్చినప్పుడు గాని, పాత యాంటెన్నా ఆజ్ఞ తీగయే ఎక్కువ విద్యుత్తు లాగుతున్నప్పుడు గాని మధ్యలో ఒక రిలే పెట్టడము క్షేమము. కారు హారనుకు వాడే చిన్న రిలేయే చాలును; వెల స్వల్పము. దాని అడుగున 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 86కు సెట్టు నీలపు తీగ, 85కు ఎర్త్, 30కి ఫ్యూజు ద్వారా బాటరీ, 87 నుండి యాంటెన్నా ఆజ్ఞ తీగ. రిలే లోపలి తీగచుట్ట నిరోధము 80 ఓములనుకొంటే 12 వోల్టులను 80 చేత భాగించగా 0.15 ఆంపియరు, అనగా 150 మిల్లీ ఆంపియర్లు. 300 హద్దుకు సగమే. రిలే ఆగిన క్షణమున ఆ చుట్ట వెనుకకు ఎగదన్నే వోల్టేజి సెట్టును బాధించకుండా, 1ఎన్4007 అనే డయోడును 85, 86ల మధ్య, దాని వెండి గీత ఉన్న కొస 86 వైపు ఉండేటట్లు కలపాలి. గీత అటుదిటైతే నీలపు తీగ డయోడు ద్వారా తిన్నగా ఎర్త్ అవుతుంది. అతికే ముందు ఒకసారి, అతికిన తరువాత ఒకసారి చూసుకోండి.

ఆజ్ఞ తీగను డైరెక్ట్ సప్లైకి కలిపిన కారును మా దుకాణములో కళ్ళారా చూశాను. రేయింబవళ్ళు యాంటెన్నా నిలబడే ఉండి, లోపలి రిలే విద్యుత్తు తాగుతూ, కారు వాడని రోజులలో బాటరీ పడిపోయేది. కీ సప్లైకి కలిపేవారు మరికొందరు. కారు తీసినప్పుడల్లా రేడియో వేసినా వేయకున్నా కడ్డీ లేస్తుంది. పని జరుగుతుంది గాని నైలాను తాడు త్వరగా అరుగుతుంది. పసుపు, ఎరుపు తీగలు తారుమారైతే మరొక లక్షణము: కారు ఆపినప్పుడల్లా సెట్టు స్టేషన్లను, సమయాన్ని మరచిపోతుంది. ఇట్టి ఫిర్యాదు వినగానే సెట్టు విప్పకుండా ఆ రెండు తీగలను చూడండి.

యాంటెన్నా లేవనప్పుడు తప్పు సెట్టుదో యాంటెన్నాదో తేల్చటానికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. డైరెక్ట్ సప్లై, ఎర్త్ యథాస్థానములో ఉంచి, ఆజ్ఞ తీగను సెట్టు నుండి విడదీసి, ఫ్యూజు గల తీగతో బాటరీ ధన ధ్రువానికి తాకించండి. లేస్తే, తీయగానే దిగితే, యాంటెన్నా నిర్దోషి. మోటారు తిరుగుతున్న శబ్దము వస్తూ కడ్డీ మాత్రము కదలకపోతే, కడ్డీని తోసే పండ్ల నైలాను తాడు తెగినట్లు. దీనికి పూర్తి యాంటెన్నా కొననక్కరలేదు. పైనున్న నట్టు విప్పి రేడియో వేస్తే పాత కడ్డీ తాడుతో సహా బయటకు వస్తుంది. తెగిన ముక్క లోపల మిగిలితే మాత్రము పెట్టె దింపి తీయాలి. కొత్త కడ్డీ తాడు పండ్లు లోపలి చక్రము వైపు ఉండేటట్లు దించి, రేడియో ఆపమని ఒకరికి చెప్పి, తాడును మెల్లగా అందించాలి. మోటారే దానిని లోపలికి లాక్కొంటుంది. ఇసుక గాలులున్న దేశములో కడ్డీకి గ్రీజు పూయటము పొరపాటు. ఇసుక అంతా దానికే అంటుకొంటుంది. మెత్తని గుడ్డతో తుడిచి, చుక్క నూనె రాసి, మళ్ళీ తుడిచివేయాలి.

లేచే కడ్డీలు నేటి కార్లలో అరుదైపోయాయి. అద్దములో అతికిన యాంటెన్నాలు, కప్పు మీద చేప రెక్క వంటివి వచ్చాయి. అయినను నీలపు తీగ పని తీరలేదు. అట్టి పొట్టి యాంటెన్నాల వెంట చిన్న బూస్టరు ఉంటుంది; దానికి 12 వోల్టులు ఇవ్వవలసినది చాలా కార్లలో ఈ నీలపు తీగయే. "మా కారుకు పవర్ యాంటెన్నా లేదు గదా" అని దానికి టేపు చుట్టి వదలివేస్తే దూరపు స్టేషన్లు వినబడవు. కొన్ని కొత్త కార్లలో కీ సప్లైకి వేరే తీగయే ఉండదు. ఆ సమాచారము ఇతర సంకేతాలతో కలిసి రెండు సన్నని తీగల మీద పోతుంది. అక్కడ ఆ కారుకు తగిన అడాప్టరు కొనటము తప్ప మీటరుతో వెదికి లాభము లేదు.

అతుకుల గురించి ఒక మాట. తీగలను మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మన ఊరిలో కొంతకాలము నిలుస్తుందేమో గాని, ఎండలో నిలిచిన కారు డాష్‌బోర్డు వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. సోల్డరింగు చేసి, వేడికి ముడుచుకొనే స్లీవు తొడగండి. లేదా సరైన పనిముట్టుతో క్రింపు చేయండి. ఫ్యూజు పోయినప్పుడు దాని చోట వెండి కాగితము చుట్టేవారిని కారు దగ్గరకు రానీయవద్దు. పని పూర్తి అయిన తరువాత సెట్టును లోపలికి తోయక ముందే కీ, దీపాలు, నాలుగు స్పీకర్లు, యాంటెన్నా అన్నిటిని ఒకసారి చూసుకోవాలి. సెట్టు బిగించిన పిమ్మట బయట పడిన తప్పుకు అంతా మళ్ళీ విప్పవలసి వస్తుంది.

నా విద్యార్థి తిరిగి వెళ్ళే ముందు మల్టీమీటరు ఒకటి కొనుక్కొని వచ్చి నాకు చూపించాడు. కాలిన సెట్టును మా ఇంట్లోనే వదిలిపోయాడు. దాని వెనుక తీగలు ఇప్పటికీ, పసుపు పసుపుతో, బూడిద బూడిదతో, ఆ కారు కప్లరు ముక్కకు అతికే ఉన్నవి.